కొమ్ము వాసన

పర్లాకిమిడిలో మా నాన్న
బొగ్గుల మీద పశువుల కొమ్ములు కాచి
దువ్వెనలు కోసేవాడు.
కాలిన కొమ్ము వాసన ఎలా ఉంటుందో
దీపానికి జుట్టు అంటుకున్నవాళ్లకి తెలుసు.
అది మా గోడల్లో, మా బొంతల్లో,
ఉతికి ఆరేసిన నా స్కూలు గౌనులో.

ఒడియా బడి. నాలుగో తరగతి.
నేను అడుగు పెడితే ముక్కులు మూసుకునేవారు,
ఒకరిని చూసి ఒకరు, వరసగా,
గాలికి కిటికీ రెక్కలు కొట్టుకున్నట్టు.
'శింగొ' అన్నాడు టుకునా.
శింగొ అంటే కొమ్ము.
మర్నాటికి నా పేరు అదే.
ఢిల్లేశ్వరి అన్నది హాజరు పట్టీలో మిగిలింది,
ఎవరూ దిగని స్టేషను బోర్డులాగ.

అమ్మతో చెప్పాను.
"అంటే అననీ, ఒంటికేటి అంటుకుంటాదా?" అంది.
అంటుకుంటుంది.
సబ్బుతో రుద్దాను, కుంకుడుకాయతో రుద్దాను,
మోచేతులు మండేదాకా ఇటుకముక్కతో రుద్దాను.

మరుసటేడు వానలకి
సెరంగో కొండల మీంచి జునేష్ వచ్చాడు.
జునేష్ రైతా. సవర పిల్లడు.
అన్న చొక్కా, మోకాళ్ల దాకా.
ఒడియా సగం, తెలుగు సున్నా,
చొక్కా నిండా కట్టెల పొయ్యి పొగ.
ఖాళీ ఉన్నది నా బెంచీయే కనక
నా పక్కన కూచున్నాడు.
ముక్కు మూసుకోలేదు.

ఇక్కడ నేను తొందరగా దాటేస్తుంటాను ఎప్పుడూ.
ఇవాళ దాటను.
ముక్కు మూసుకోలేదు వాడు.
నా గౌను అంచుకి పట్టిన కొమ్ము పొట్టు తీసి
వెలుతురుకి పట్టి చూశాడు.
తేనెరంగు కదా అది, పలచగా ఉంటే.
జేబులో దాచుకున్నాడు.

నాలుగు రోజులకి, నీళ్ల బెల్లులో,
నేనే అన్నాను. ఎవరూ అడగలేదు.
"పొగగొట్టం."
తెలుగులోనే అన్నాను.
టుకునా పడీ పడీ నవ్వాడు, మళ్లీ చెప్పించుకున్నాడు.
నా భాష మాట ఒకటి
ఆ తరగతికి నచ్చడం అదే మొదటిసారి.
ఆ రోజు నన్నెవరూ శింగొ అనలేదు.
ఎంత చల్లగా ఉందో ఆ మధ్యాహ్నం!
జ్వరం దిగినట్టు.
ఒకరికి దిగిన జ్వరం ఎక్కడికి పోతుందో
ఆలోచించే వయసు కాదనుకుంటాను.
అయ్యుండొచ్చు కూడా.

కుళాయి కింద వాడి తల వంచి పట్టుకున్నారు,
పొగ కడుగుతామని.
నేను కొట్టలేదు. తోయలేదు.
వాడి సంచి పట్టుకుని నిలబడ్డాను,
తడవకుండా.
నీళ్లలోంచి వాడు చూసింది టుకునాని కాదు.

దసరా సెలవుల తర్వాత వాడు రాలేదు.
గురుమా ఎర్ర సిరాతో గీత కొట్టింది,
స్కేలు పెట్టి, తిన్నగా.
"కొండ పిల్లలు ఇంతే, నిలవరు" అంది.
మేం తలలూపాం.

ఇప్పుడు కాశీనగర్ బడిలో నేనే గురుమాని.
"ఎవర్రా కొట్టింది?" అని అందరి ముందూ అడగను.
చెప్పినవాడికి ఇంటిదారిలో పడతాయి.
నీళ్ల బెల్లు కొట్టగానే
సీసా పట్టుకుని కుళాయి దగ్గరికి పోతాను.
నాకు దాహం ఎక్కువని పిల్లలనుకుంటారు.
నింపుతూ ఉంటాను, మెల్లిగా.
తోసేవాడి కంటే
సంచి పట్టుకున్నవాళ్ల మీదే నా కన్ను.
వాళ్లలో ఒకత్తెని పక్కకి పిలుస్తాను:
"నిన్నేమని పిలిచేవారే, ఇంతకుముందు?"
చాలాసేపు కాళ్లవైపు చూస్తుంది.
అప్పుడు చెప్తుంది.
అన్నిసార్లూ కాదు. మొన్న ఒకత్తె
నా చెయ్యి విదిలించుకుని పోయింది.

పోయిన మాఘంలో గుణుపురం సంతలో
చింతపండు తూకం వేస్తున్న ఒక మనిషి.
అదే చూపు, నీళ్లు లేకుండా.
పిలుద్దామని నోరు తెరిచాను.
ముందుగా నాలిక మీదికొచ్చింది
పేరు కాదు.

నోరు మూసుకున్నాను.
అరకిలో కొన్నాను.
చిల్లర తప్పు లెక్కపెట్టాను, రెండుసార్లు.
వాడో కాదో కూడా తెలీదు.

ఇంటికొచ్చి పొట్లం విప్పితే
పొగ వాసన.
వంటగది తలుపు దగ్గరగా వేసి
పైకి చదివాను, హాజరు పిలిచినట్టు:
జునేష్ రైతా.
కాస్త ఆగి, మళ్లీ,
జునేష్ రైతా.